టేకు పటాలకు బంగారు రంగు: నల్లబడకుండా ఎలా వేసుకోవాలి

మీరు రాసిన సంగతి ఒకసారి క్లుప్తంగా చెబుతాను, చదివేవాళ్ళకి కూడా తెలుస్తుంది. తాతగారి కాలం నాటి టేకు ఫ్రేములు ఆరు. నాలుగింట్లో దేవుడి పటాలు, రెండింట్లో పెళ్ళి ఫోటోలు. రెండేళ్ళ కిందట డబ్బా స్ప్రేతో బంగారు రంగు కొట్టించారు. మొదటి వానాకాలానికే వన్నె తగ్గింది. ఇప్పుడు అంచులు ముదురు గోధుమరంగుకి తిరిగాయి, మూలల్లో ఆకుపచ్చ చుక్కలు లేచాయి. ఇల్లు విశాఖలో, సముద్రానికి దగ్గర. సంక్రాంతి తరువాత గృహప్రవేశం, ఈ లోపు మళ్ళీ వేయాలి, ఏ కంపెనీ రంగు కొనమంటారు అని అడిగారు.

నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళకి పైగా పటాలు కడుతున్నాను. కంపెనీ మారిస్తే మీ చిక్కు తీరదు. డబ్బా మీద ఏ పేరున్నా లోపల ఉన్న పదార్థం ఏమిటన్నదే ముఖ్యం. ఆ తరువాత, ఆ రంగు కింద మీరు ఏం వేశారన్నది అంతకన్నా ముఖ్యం.

మన కొట్లలో బంగారు రంగు పేరుతో దొరికేవాటిలో చాలావరకు ఇత్తడి. రాగి, జింకు కలిపిన లోహాన్ని సన్నటి పొలుసులుగా దంచి, ఆ పొడిని వార్నిష్‌లోనో లక్కర్‌లోనో కలుపుతారు. ఆ పొలుసులు పైకి తేలి, చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి, అందుకే మొదటి రోజు అంత మెరుపు. కానీ అది ఇత్తడే కదా. మీ పూజగదిలో కుందులు తోమకుండా ఆరు నెలలు వదిలేస్తే ఏమవుతాయో ఈ పొలుసులూ అదే అవుతాయి. పటాన్ని చేత్తో పట్టుకునేచోట, అంటే అంచుల మీద, చెమట తగిలి ముందు నల్లబడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి రాగి చిలుము పడుతుంది, మీ మూలల్లోని ఆకుపచ్చ చుక్కలు అవే. కొన్ని స్ప్రేలలో ఇత్తడి కూడా ఉండదు. అల్యూమినియం పొలుసులకి పసుపు రంగు అద్ది బంగారంలా చూపిస్తారు. ఎండ పడే గోడ మీద ఆ పసుపు వెలిసిపోయి, చివరికి వెండి ముఖం బయటపడుతుంది. మీకు ఆకుపచ్చ వచ్చింది కాబట్టి మీది ఇత్తడే.

ఇది కాకుండా ఇంకో రకం ఉంది, మైకా గోల్డ్. అభ్రకం రేకుల మీద టైటానియం, ఇనుము ఆక్సైడ్ల సన్నపొర ఎక్కించి చేస్తారు. బొమ్మలు వేసుకునేవాళ్ళ కొట్లలో అక్రిలిక్ గోల్డ్ అని చిన్న సీసాల్లో దొరికేవాటిలో ఎక్కువ ఇవే. సీసా మీద మైకా అని గానీ, పెర్ల్ పిగ్మెంట్ అని గానీ రాసి ఉంటుంది, చూసి కొనండి. ఇందులో చిలుము పట్టడానికి రాగి లేదు. ఉప్పుగాలి తగిలినా, చెమట తగిలినా రంగు మారదు. దీనికున్న లోటు ఒకటే. ఇత్తడి పొడి అంత గట్టిగా కప్పదు, కాస్త పారదర్శకంగా ఉంటుంది, నేరుగా తెల్ల ప్రైమర్ మీద వేస్తే మిఠాయి డబ్బా మెరుపులా తేలిపోతుంది. ఆ లోటు ఎలా దిద్దాలో కింద చెబుతాను. సముద్రం దగ్గరి ఇంటికి నేను చెప్పేది మైకానే. వరంగల్లోనో కర్నూల్లోనో ఉన్నవాళ్ళు అడిగితే ఇత్తడి పొడి వేసి, పైన వార్నిష్‌తో బాగా కప్పుకోమంటాను. మీకు మాత్రం వద్దు.

పని మొదలెట్టే ముందు ఒకటి చూడండి. మీరు రెండేళ్ళ కింద కొట్టించిన స్ప్రే కింద అంతకు ముందటి బంగారం ఏమైనా ఉందా? పాత ఫ్రేముల్లో అసలు బంగారు రేకు అంటించినవి అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తాయి. ఫ్రేము వెనక అంచు దగ్గర, స్ప్రే సరిగా పడనిచోట, దీపం పక్కనుంచి పెట్టి చూడండి. రేకు అంటించినదైతే రేకూ రేకూ కలిసినచోట సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. బంగారు రేకు సాధారణంగా ఎనభై మిల్లీమీటర్ల చదరం, కాబట్టి గీతలు సుమారు మూడంగుళాల దూరంలో ఉంటాయి. ఇత్తడి రేకు అయితే నూట నలభై మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అంగుళాలు. బంగారు రేకు అరిగినచోట ఇటుకరంగు మట్టి తొంగిచూస్తుంది. అలాంటిది కనిపిస్తే దయచేసి తడిగుడ్డ కూడా పెట్టకండి. ఆ రేకు కింద ఉన్నది నీళ్ళకి కరిగే జిగురు, ఒక్క తుడుపుకి రేకంతా గుడ్డకి వచ్చేస్తుంది. ఆ ఒక్క ఫ్రేమునీ తెలిసినవాళ్ళకి చూపించే వరకు పక్కన పెట్టండి.

లోపలి బొమ్మల గురించి కూడా ఒక మాట. తాతగారి కాలం నాటి దేవుడి పటాలంటే రవివర్మ ప్రెస్సు తరహా రంగుల అచ్చు బొమ్మలు అయివుండవచ్చు. ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాకే లక్ష్మీ, సరస్వతీ బొమ్మలు మామూలు ఇళ్ళ గోడలెక్కాయి. ఆ కాగితం ఇప్పటికి అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. వెనక మేకులు తీసి, అట్టతో సహా బొమ్మని బయటికి తీసి, రెండు శుభ్రమైన అట్టల మధ్య పడుకోబెట్టి ఉంచండి. చుట్టకండి. కొందరు అద్దానికి కాగితం అంటించి బొమ్మ లోపల ఉండగానే ఫ్రేముకి రంగేస్తారు. థిన్నర్ ఆవిరి అద్దం సందుల్లోంచి లోపలికి పోతుంది, బొమ్మకి మచ్చలు పడతాయి.

ఇక పాత స్ప్రే తీయడం. గుడ్డకి థిన్నర్ అద్ది, జానెడు మేర తడిపి, నిమిషం ఆగి తుడిస్తే మెత్తబడి వస్తుంది. చెక్కుడు పువ్వులు ఉన్నచోట పాత పళ్ళబ్రష్షు వాడండి. ఇదంతా మేడ మీద, గాలి ఆడేచోట చేయండి, దగ్గర్లో దీపం గానీ అగరుబత్తి గానీ ఉండకూడదు. కాస్టిక్ సోడా మాత్రం ముట్టకండి. టేకుని నల్లబరుస్తుంది, పాత మూలల్లో ఉన్న వజ్రం జిగురుని, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే జిగురుని, కరిగించేస్తుంది. అన్నట్టు, ఆ మూలలు ఈ దశలోనే చూసుకోవాలి. ఫ్రేము రెండు ఎదురుమూలలు పట్టుకుని కాస్త మెలిపెట్టి చూడండి. ఏ మూలైనా నోరు తెరిస్తే పాత జిగురు గీకేసి, ఫెవికాల్ పెట్టి, తాడుతో బిగించి రాత్రంతా వదలండి. బంగారు రంగు వేశాక మూల విడితే ఆ సన్నటి నల్లగీత దూరానికి కూడా కనిపిస్తుంది. దాన్ని ఆ తరువాత ఎంత దిద్దినా అతుకులాగే ఉంటుంది.

టేకులో నూనె ఉంటుంది. ఎంత పాతదైనా ఉంటుంది. అందుకని గీకుడు అయ్యాక స్పిరిట్‌తో ఒకసారి తుడిచి, ఆరాక లక్క పాలిష్ పలచగా ఒక పూత వేయండి. లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానబెట్టి చేసుకునే పాలిషే. అది టేకు నూనెని కిందే ఆపుతుంది, పై పూతలు పట్టుకోవడానికి చోటిస్తుంది. ఆ తరువాత లప్పం. సుద్దపొడిలో కొంచెం ఫెవికాల్, నీళ్ళు కలిపి పెరుగంత చిక్కగా చేసి, కుంచెతో రెండు మూడు పూతలు. ప్రతి పూతా పూర్తిగా ఆరాలి. నూట ఎనభై నంబరు ఉప్పుకాగితంతో మొదలెట్టి, మూడు వందల ఇరవైతో ముగించండి. చెక్కుడు పనిలో లప్పం నిండిపోకుండా పుల్లతో గీతలు తెరుస్తూ ఉండాలి. ఈ నునుపు దగ్గర తొందరపడితే తరువాత దాచలేరు. మామూలు రంగు కింద చిన్న గరుకు కనబడదు గానీ, మెరిసే రంగు కింద ఇసుక రేణువంత ఎత్తు ఉన్నా వెలుగు పడగానే అదే ముందు కనిపిస్తుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూడండి, కంటికన్నా వేలికి బాగా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బంగారం వేసే ముందు ఫ్రేమంతా ఎర్రబడాలి.

నాకు పని నేర్పిన గురువుగారు ఫ్రేములకి జేగురు పూసి ఆరబెట్టేవారు. మన గుడి గోడల మీద సున్నం చారల పక్కన ఉంటుందే, అదే జేగురు. చిన్నతనంలో నాకు అర్థమయ్యేది కాదు, ఎలాగూ బంగారంతో కప్పేసేదానికి ఈ ఎరుపెందుకని. ఒకరోజు ఆయన ఒకే పట్టీని మూడు భాగాలు చేసి, ఒకదానికి తెలుపు, ఒకదానికి జేగురు, ఒకదానికి నలుపు వేయించి, మూడింటి మీదా ఒకే గిన్నెలోని బంగారు రంగు వేయించారు. తెలుపు మీది భాగం పసుపుపచ్చ కాగితంలా తేలిపోయింది. నలుపు మీదిది గంభీరంగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో పాత కంచులా కనిపించింది. జేగురు మీదిది మాత్రం అచ్చం నగ. ఆ పట్టీ ముక్క ఇప్పటికీ నా కొట్టు గోడకి ఉంది, వచ్చినవాళ్ళకి మాటల్లో చెప్పకుండా దాన్నే చూపిస్తాను. బంగారు రేకు పని చేసేవాళ్ళు రేకు కింద ఎర్రమట్టి పూసేది కూడా ఇందుకే, రేకు అంత పలచన కాబట్టి కింది రంగు పైకి ఊరుతుంది. మన నిర్మల్ పలకలు చూడండి, ముదురు నేల మీద బంగారు వన్నె ఎలా నిలబడుతుందో. అక్కడా పైది ఎంతో కిందదీ అంతే.

మైకా గోల్డ్ పారదర్శకమని చెప్పానుగా, ఈ ఎర్రనేల దాని లోటుని గుణంగా మార్చేస్తుంది. మీరు జేగురుమన్ను వెతుక్కోనక్కర్లేదు. అక్రిలిక్ రంగుల్లో రెడ్ ఆక్సైడ్ తీసుకుని, అందులో కొద్దిగా ఎల్లో ఓకర్ కలపండి. కొత్త ఇటుకని నీళ్ళలో ముంచి తీస్తే ఉండే రంగు రావాలి. కుంకుమ ఎరుపు అయితే వద్దు, బంగారానికి గులాబీ ఛాయ వస్తుంది. రెండు పూతలు వేసి, ఒకరోజు ఆరనిచ్చి, నాలుగు వందల నంబరు కాగితంతో అంటీ అంటనట్టు రుద్ది, దుమ్ము తుడిచేయండి.

బంగారు రంగు వేసేటప్పుడు మెత్తటి వెడల్పు కుంచె తీసుకోండి, గట్టి వెంట్రుకల కుంచె గీతలు మిగులుస్తుంది. గిన్నెలో రంగు ప్రతి రెండు నిమిషాలకీ అడుగునుంచి కలపాలి, మెరుపంతా అడుక్కి దిగిపోతుంది. కలపకుండా వేస్తే ఫ్రేము ఒక వైపు బంగారం, మరో వైపు పసుపు జిగురు. కుంచె కొన మాత్రమే ముంచి, గిన్నె అంచుకి ఒత్తి, మూల నుంచి మూల దాకా ఒకే ఈడుపుగా లాగండి. లాగినచోటికి మళ్ళీ వెళ్ళకండి. సగం ఆరినదాన్ని కుంచె మళ్ళీ తాకితే పడుకున్న రేకులు లేచి, అక్కడ మబ్బు పట్టినట్టు మచ్చ పడుతుంది. ఎక్కడైనా ఎరుపు మిగిలిపోయిందని మనసు లాగుతుంది, ఆగండి, రెండో పూతలో మూసుకుంటుంది. నీళ్ళలా పలచగా మూడు పూతలు వేయడం చిక్కగా ఒకటి వేయడం కన్నా ఎన్నో రెట్లు నయం. పూతకీ పూతకీ మధ్య కనీసం మూడు నాలుగు గంటలు, చలికాలంలో ఇంకా ఎక్కువ.

ఇత్తడి పొడి వాడదలచుకున్న ఇతర ఊళ్ళవాళ్ళకి ఇక్కడే రెండు జాగ్రత్తలు. ఆ పొడిని గోడలకి వేసే నీళ్ళ ఎమల్షన్‌లో కలపకండి, అందులో ఉండే అమ్మోనియాకి ఇత్తడి నల్లబడుతుంది. పొడితో పాటు అమ్మే మీడియంలోనే, అంటే పొడి కలుపుకునే ద్రవంలోనే, చెంచా పొడికి మూడు నాలుగు చెంచాలు చొప్పున, ఆ పూటకి సరిపడా మాత్రమే కలుపుకోండి. కొత్తలో ఒకసారి లక్క పాలిష్‌లో కలిపిన ఇత్తడి పొడి మిగిలితే సీసాకి మూతపెట్టి దాచాను. కొన్నాళ్ళకి తీసి చూస్తే ముంజెలా గడ్డకట్టి, నెమలి మెడ రంగులో ఉంది. లక్కలోని ఆమ్లం రాగిని పట్టేసింది. రెండో జాగ్రత్త, పొడి కలిపేటప్పుడు ఫ్యాను ఆపి, ముక్కుకి మాస్కు పెట్టుకోండి. ఆ ధూళి ఊపిరితిత్తులకి చేటు, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

మళ్ళీ మీ పనికి వస్తాను. బంగారం ఆరాక ఫ్రేమంతా ఒకే మెరుపుతో కొత్త ప్లాస్టిక్ పట్టీలా కనిపిస్తే కంగారుపడకండి. అత్యంత సన్నటి గరుకు ప్యాడ్ తీసుకుని, చెయ్యి సహజంగా తగిలే ఎత్తుల మీద, అంటే పువ్వుల కొనలు, బయటి అంచులు, వాటి మీద మాత్రం రెండు మూడుసార్లు తేలిగ్గా రాయండి. లోపలి ఎరుపు పిసరంత బయటికి రావాలి. తరువాత ముదురు గోధుమరంగు అక్రిలిక్‌ని నీళ్ళతో టీ డికాషన్‌లా పలచన చేసి పల్లాల్లోకి పారించి, పైన ఉన్నదాన్ని వెంటనే గుడ్డతో తుడిచేయండి. పల్లాల్లో నీడ నిలుస్తుంది, ఎత్తులు వెలుగుతాయి. ఇక్కడ చాలామంది చెయ్యి ఆపుకోలేరు. కొంచెం తక్కువైందనిపించినప్పుడే ఆపేయండి. గోడకి వేలాడదీసి, ఎనిమిది అడుగులు వెనక్కి వచ్చి, సాయంత్రం దీపం వెలుగులో ఒకసారి చూసి, అప్పుడు చాలదనిపిస్తే మళ్ళీ చేయవచ్చు.

పై వార్నిష్ కూడా అక్రిలిక్‌దే, మరీ నిగనిగలాడేది కాకుండా సాటిన్ రకం, పలచగా రెండు పూతలు. మైకాకి రంగు నిలవడానికి ఇది అక్కర్లేదు, కానీ పూజగదిలో పటానికి కావాలి. హారతి కర్పూరం మసి, నూనె చెయ్యి, శుక్రవారం శుక్రవారం ఫ్రేముకి పెట్టే పసుపు కుంకుమ బొట్లు, ఇవన్నీ తడిగుడ్డతో తుడవగలిగేది ఆ పూత ఉంటేనే. మీది విశాఖ కాబట్టి ఫ్రేము వెనక వైపు, అద్దం కూర్చునే గాడి లోపల కూడా ఒక పూత వేయండి. ముందు ఎంత కప్పినా తేమ వెనకనుంచి పూత లేని చెక్కలోకి పోయి ముందు పూతని పొంగిస్తుంది. ముసురు పట్టిన రోజున మాత్రం లక్క పాలిష్ గానీ లక్కర్ గానీ పెట్టుకోకండి. ఒక శ్రావణమాసంలో పెళ్ళివారికి మాట ఇచ్చానని వానలోనే పన్నెండు ఫ్రేములకి లక్క పాలిష్ పట్టించాను. తెల్లారేసరికి అన్నిటి మీదా ఊదిన అద్దంలా తెల్లటి మంచు. ఎండ వచ్చాక ఒక్కొక్కదాన్నీ స్పిరిట్ గుడ్డతో మళ్ళీ తుడిచి తేర్చడానికి రెండు రోజులు పట్టింది, పెళ్ళివారికి ఆలస్యమైంది. ఆ బాధ ఇప్పటికీ నాకుంది.

ఇంట్లో అందరికీ ముందుగానే చెప్పి ఉంచవలసిన మాట ఒకటుంది. ఈ ఫ్రేములని ఎవరూ చింతపండుతో గానీ, నిమ్మచెక్కతో గానీ, పీతాంబరితో గానీ తోమకూడదు. బంగారు రంగు కనబడగానే పండగ ముందు ఇత్తడి సామానుతో కలిపి తోమేసినవి నా దగ్గరికి ఏటా వస్తాయి. మెత్తటి పొడిగుడ్డ, మరీ మసి పడితే పిండిన తడిగుడ్డ, అంతే.

పెళ్ళి ఫోటోల ఫ్రేములు రెండింటి గురించి మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను. స్ప్రే తీసేశాక కింద టేకు బాగుంటే, అంటే పగుళ్ళు, లప్పం మరకలు లేకుండా గీతలు నిండుగా కనిపిస్తుంటే, వాటికి మొత్తం బంగారం వేయకండి. తాతగారి కాలపు టేకు ఇప్పుడు కొందామన్నా దొరకదు. లక్క పాలిష్ పెట్టి చెక్కని చెక్కలాగే ఉంచి, ఫోటోని ఆనుకుని ఉండే లోపలి అంచుకి మాత్రం పావంగుళం వెడల్పున ఎర్రనేల వేసి బంగారం దిద్దండి. నలుపు తెలుపు ఫోటోకి చుట్టూ ఆ సన్నటి గీత ఇచ్చే వెలుగు, ఫ్రేమంతా బంగారం పూసినా రాదు. అటూ ఇటూ అంటకుండా కాగితం టేపు అంటించి వేయండి, రంగు ఇంకా కాస్త పచ్చిగా ఉండగానే టేపు లాగేయండి. పూర్తిగా ఆరాక లాగితే అంచు పళ్ళుపళ్ళుగా వస్తుంది.

రోజుకి రెండు గంటలు కూర్చుంటే ఆరు ఫ్రేములకీ పన్నెండు, పదిహేను రోజులు పడుతుంది. వార్నిష్ చేతికి అంటడం ఆగిపోయినా లోపల ఇంకా ఆరుతూనే ఉంటుంది, కాబట్టి బొమ్మలూ అద్దాలూ వెంటనే బిగించకండి. కనీసం రెండు వారాలు నీడలో నిలబెట్టండి. తొందరపడితే అద్దం గాడిలోని వార్నిష్‌కి అతుక్కుంటుంది, మళ్ళీ తీయాలంటే పగలగొట్టాల్సిందే. స్ప్రే తీసే ముందే ఫ్రేముల వెనక అంచు ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, కింద రేకు గీతలేమైనా ఉన్నాయేమో నేను చూసి చెబుతాను, ఆ తరువాతే థిన్నర్ పట్టండి.